అటక దిగిన కంప్యూటరు

ఈ పేజీల్లో వచ్చే ఊరగాయల కొలతలూ, పట్టుచీర మీద నూనె మరక పోయే చిట్కాలూ చదివి లాభపడినదాన్నే నేనూ. ఈసారి నేను రాయబోయేది మాత్రం వంట సంగతి కాదు, కంప్యూటరు సంగతి. "ఇంటరుతో ఆపేసిన ఇల్లాలివి, నీకెందుకమ్మా ఈ గొడవ?" అంటారేమో. చివరిదాకా చదివి అప్పుడనండి.

మాది చిలకలూరిపేట దగ్గర ఒక పల్లెటూరు. 2022లో జిల్లాలు విడగొట్టాక పల్నాడు జిల్లాలోకి వచ్చాం గాని, ఎవరడిగినా మా నోట గుంటూరు జిల్లా అనే వస్తుంది. నల్లరేగడి నేల. పత్తి, మిరప, ఈ రెండింటి మీదే మా ఇంటి మంచీ చెడ్డా. 2021లో వేసిన మిరపకి నల్ల తామరపురుగు తగిలి పూతంతా రాలిపోయిన సంగతి మా వైపు వాళ్ళెవరూ మర్చిపోలేరు. ఆ అప్పులు తీరుతున్నాయనుకునేలోగా 2025 మొదట్లో మిర్చి ధర కూలిపోయింది. క్వింటాలుకి 11,781 రూపాయలని కేంద్ర ప్రభుత్వం ఒక ధర ప్రకటించింది గాని, కోత కూలీ, మందులూ, కౌలూ లెక్కేసుకుంటే చేతికి మిగిలేది లేదు. మా టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి కూర్చున్నాం.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడులోకి వచ్చింది. తీసుకున్నది కంప్యూటర్లు. కాలేజీలో ఒక్కో మిషను దగ్గర ముగ్గురు కూర్చోవాలట. ఇంటి దగ్గర అభ్యాసం చేసుకోవడానికి ల్యాప్‌టాపు కావాలంది. మామూలుది కొనాలన్నా ముప్ఫై అయిదు వేలు. "ఈ కాయ అమ్ముడు పోనీ, చూద్దాం" అన్నారు మావారు. పిల్ల మారు మాట్లాడలేదు. గొడవ పెట్టుకునే పిల్లతో భయం లేదు గాని, నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయే పిల్లను చూస్తే నాకు భయం. ఎందుకంటే నేనూ అలాగే లోపలికి వెళ్ళిపోయినదాన్ని. నేను ఇంటరు పూర్తి చేసిన ఏడే, అంటే 1997-98లో, పురుగుల వల్ల మా నాన్న పత్తి మొత్తం పోయింది. డిగ్రీ ఫీజు గురించి నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. మరుసటేడు పెళ్ళి చేశారు.

మా ఇంట్లో అటక మీద, పాత దుప్పటి కప్పి, ఒక కంప్యూటరు ఉంది. 2006లో మా మరిది ఇంజనీరింగు చదివేటప్పుడు మావయ్యగారు కొన్నది. పెంటియం 4 మిషను, 256 ఎం.బి. మెమరీ, 80 జి.బి. హార్డ్ డిస్కు, వీపున పెద్ద మూపురం ఉన్న మానిటరు. మరిది ఉద్యోగానికి వెళ్ళిపోయాక మావయ్యగారే దాని ముందు కూర్చునేవారు. ఆయన రిటైరయిన లెక్కల మాస్టారు. రోజూ సాయంత్రం కళ్ళజోడు సర్దుకుని సాగు ఖర్చులు అందులో ఎక్కించేవారు. 2015లో ఆయన పోయాక దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు.

నేను దాన్ని కిందికి దించుతుంటే మావారు, "ఏందే, దాంతో ఏం జేస్తావు? కాటాకేస్తే మూడొందలన్నా వస్తయ్యి" అన్నారు. మూడొందలు రాక మానవు, ఒకసారి చూశాకే వేద్దాం అన్నాను.

మా తమ్ముడి కొడుకు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తాడు. వాడికి ఫోను చేసి ఇదీ సంగతి అన్నాను. "అత్తా, అది పాతదే గాని పనికిరానిది కాదు. నువ్వు చేస్తానంటే నేను చెబుతాను" అన్నాడు. మేనల్లుడు అంత మాటన్నాక వెనక్కి తగ్గుతానా!

ముందు పెట్టె మూత తీశాం. అందులో ఏముందనుకున్నారు? మిరప పొడి! ఏళ్ళ తరబడి కల్లం నుంచి వచ్చిన దుమ్మంతా ఫ్యాను రెక్కల సందున అట్ట కట్టింది. బల్లిగుడ్లు రెండు. నేనూ మా అమ్మాయీ మూతులకి గుడ్డలు కట్టుకుని, మెత్తటి బ్రష్షుతో దులుపుతూ ఓ గంటసేపు తుమ్మాం. ప్లగ్గు పీకేశాకే మూత తీశామని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

దులిపి, కరెంటు పెట్టి, మీట నొక్కితే తెర నల్లగా ఉండిపోయింది. లోపల్నుంచి కీక్, కీక్, కీక్ మని ఒకటే అరుపు. నేను గభాలున ప్లగ్గు పీకేసి మేనల్లుడికి ఫోను కొట్టాను. వాడు నవ్వి, "అది ఊరికే అరవదత్తా. నాకు మెమరీ కనపడటం లేదు అని చెబుతోంది" అన్నాడు. మెమరీ అంటే వేలెడు వెడల్పున్న పచ్చటి పలక. ఒక అంచున బంగారు రంగు గీతలుంటాయి. ఆ గీతలకి చిలుం పడితే మిషనుకి అది కనపడదు. పలక ఊడదీసి, మా అమ్మాయి పెన్సిలు రబ్బరుతో ఆ గీతల్ని నిదానంగా రుద్ది, పొడి బట్టతో తుడిచి, రెండు వైపులా టక్కుమనేదాకా నొక్కి పెట్టాం. ఈసారి ఒక్క కీక్ మాత్రమే. తెర వెలిగింది! మా అమ్మాయి మొహం కూడా.

పాత విండోస్ ఎక్స్.పి. వచ్చింది గాని, తారీఖు 2005 జనవరి 1 అని చూపించింది. సరిచేసి ఆపితే, మర్నాటికి మళ్ళీ 2005. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుందని, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదేననీ అప్పుడు తెలిసింది. సి.ఆర్. 2032 అని అడిగితే వాచీల షాపులో 40 రూపాయలకి ఇచ్చారు. ఇంత చిన్న విషయం ఎందుకు రాస్తున్నానంటే, తారీఖు తప్పుగా ఉంటే ఇంటర్నెట్టులో ఏ పేజీ పెట్టినా "భద్రత లేదు" అని తలుపు వేసేస్తుంది. చాలామంది కంప్యూటరే పాడైందనుకుంటారు.

మాకు మాత్రం తారీఖు సరిచేసినా పేజీలు తెరుచుకోలేదు. ఎక్స్.పి.కి దాన్ని తయారు చేసిన కంపెనీ 2014 ఏప్రిల్లోనే బాగోగులు చూడటం మానేసింది. ఇప్పటి పేజీల తాళాలకి దాని దగ్గర తాళంచెవులు లేవు. కొత్త విండోసు ఎక్కిద్దామంటే ఈ 256 ఎం.బి. దానికి ఏ మూలకీ చాలదు. "అందుకే లినక్స్ ఎక్కిద్దామత్తా" అన్నాడు మేనల్లుడు.

లినక్స్ అంటే విండోసు లాంటిదే, కంప్యూటరును నడిపించే సరంజామా. 1991లో ఫిన్లాండు దేశంలో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకునే లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ కుర్రాడు మొదలుపెట్టాడట. దాని తయారీ గుట్టు దాచకుండా అందరికీ ఇచ్చేశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకి ఇవ్వచ్చు. మనం గోంగూర పచ్చడి కొలత చెప్పినట్టన్నమాట. చెప్పినందువల్ల మన పచ్చడి తరగదు, పక్కింటావిడ ఇంకో రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి ఇంకా రుచిగా చేస్తే మనకూ లాభమే. అలా తలా ఒక చెయ్యి వేయగా ఎన్నో రకాల లినక్సులు తయారయ్యాయి. మా వాడు ఎంచినది డెబియన్. దాన్ని 1993లో మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్, తను ప్రేమించిన డెబ్రా పేరునీ తన పేరునీ కలిపి ఆ పేరు పెట్టాడట. అందులో మాకు కావలసిన 12వ కూర్పు ముద్దుపేరు బుక్‌వార్మ్, అంటే పుస్తకాల పురుగు. పురుగుల వల్ల రెండుసార్లు దెబ్బతిన్న ఇంటికి ఈ పురుగన్నా మేలు చేస్తుందేమో చూద్దాం అన్నాను.

ఇక్కణ్ణుంచి అసలు తిప్పలు మొదలు. ముందు పెన్‌డ్రైవులో తెచ్చాం. మా మిషను దాన్ని పట్టించుకోలేదు. ఆ కాలపు మిషన్లు చాలావాటికి పెన్‌డ్రైవు నుంచి మొదలవడం చేతకాదట. సరే, పేటలో నెట్ సెంటరులో డి.వి.డి. చేయించి తెచ్చాం. పెట్టగానే ఇంగ్లీషులో రెండు లైన్లు వచ్చి ఆగిపోయింది. ఫోను చేశాను.

"ఏముందత్తా తెర మీద?"

"ఏదో ఇంగ్లీషులో ఉందిరా."

"ఏదో కాదత్తా. ఏముందో చదువు."

అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఇది 64 బిట్ల మిషనుకి చేసినది, మీది ఆ రకం కాదు, మీకు తగినది పెట్టుకోండి అని దాని సారాంశం. వాడు నాలిక్కరుచుకుని, "తప్పు నాదే అత్తా, మీది 32 బిట్లది" అన్నాడు. అంటే మిషను తన జబ్బేమిటో, మందేమిటో తనే చెప్పింది. నేను చదవలేదు, అంతే. ఆ రోజు నుంచి నేనొక నియమం పెట్టుకున్నాను. తెర మీద ఏది వచ్చినా పూర్తిగా చదివాకే ఫోను చెయ్యాలి అని. మావయ్యగారి శంకరనారాయణ నిఘంటువు బీరువాలోంచి తీసి పక్కన పెట్టుకున్నాను.

రెండో డి.వి.డి. వచ్చింది. బొమ్మలతో వచ్చే పద్ధతిలో అయితే తెలుగు కూడా ఉందని చెప్పాడు మావాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అది ఎంచుకున్నాను. నల్ల తెర. పావుగంట, అరగంట. ఉలుకూ పలుకూ లేదు. మెమరీ చాలలేదు.

ఇంకో మెమరీ పలక వేస్తే సరిపోతుందన్నాడు. తెలిసినవాళ్ళ పాత మిషనులోది ఒకటి అడిగి తెచ్చాను. అది ఎంత పెట్టినా గాడిలో కూర్చోదే! బలంగా నొక్కబోతే మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, గాటు చూడు" అంది. పలక అంచున చిన్న గాటు ఉంటుంది. మా దానికి ఒకచోట, దీనికి ఇంకొకచోట. ఒక సీసా మూత ఇంకో సీసాకి మరలు పట్టనట్టే. మాది మొదటి తరం డి.డి.ఆర్., తెచ్చినది డి.డి.ఆర్. 2. చివరికి పేటలో పాత సామాన్లు బాగుచేసే కుర్రాడి దగ్గర సరైనది, 256 ఎం.బి.దే, 300 రూపాయలకి దొరికింది. రెండూ కలిపి 512. తెరకి బొమ్మ అందించడానికి మిషను అందులోంచే 64 తీసేసుకోగా మాకు మిగిలింది 448.

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఒక కబురు వచ్చింది. మీ మిషనులో మెమరీ తక్కువగా ఉంది కాబట్టి పొదుపు పద్ధతిలో వెళతాను, ఇక నుంచి అంతా ఇంగ్లీషులోనే సాగుతుంది అని. చదివి ఊరుకున్నాను గాని మనసు చివుక్కుమంది. తెలుగు ఉందిట, మెమరీ ఉన్నవాళ్ళకి! మావాడు సర్దిచెప్పాడు. మన అక్షరాలకి గుణింతాలూ, ఒత్తులూ ఉంటాయి కదా, వాటిని పైకీ కిందికీ అమర్చి చూపించడానికి బొమ్మల పద్ధతి కావాలి, దానికి మెమరీ ఎక్కువ కావాలి, అంతేగాని చిన్నచూపు కాదత్తా అని. సరే, ఇంగ్లీషే కానీ అనుకుని నిఘంటువు దగ్గరికి లాక్కున్నాను. తెర మీద గడులు, వాటిలో ప్రశ్నలు. దేశం, కీబోర్డు, పేరు, సంకేతపదం. ఒక్కొక్కటీ చదివి, అర్థమయ్యాకే మీట నొక్కడం.

అలా హార్డ్ డిస్కు దగ్గరికి వచ్చాం. డిస్కు మొత్తం వాడుకోనా అని అడిగింది. పాత ఫొటోలవీ మై డాక్యుమెంట్స్ లోంచి ముందే పెన్‌డ్రైవులోకి ఎత్తి పెట్టుకున్నాం కదా అని, వాడుకో అన్నాను. అప్పుడు చివరి ప్రశ్న వేసింది. ఈ మార్పులు రాసేస్తే పాత సమాచారం నాశనమవుతుంది, రాయమంటారా, అవునా కాదా? "కాదు" అన్నదాని మీదే రంగు పెట్టి ఉంచింది. మా అమ్మాయి తొందరపడుతోంది, "నొక్కమ్మా, ఎత్తిపెట్టాంగా" అని. "నాశనం" అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. మావయ్యగారు లెక్కలు రాసేటప్పుడు నేను కాఫీ ఇవ్వడానికి వెళ్ళేదాన్ని. ఆయన తెరిచేది మై డాక్యుమెంట్స్ కాదు. ఇంకేదో పక్కన గడి.

"కాదు" నొక్కేశాను. డి.వి.డి. తీసి మళ్ళీ ఎక్స్.పి.లోకి వెళ్ళి చూస్తే, డి డ్రైవులో "సాగు" అనే పేరుతో ఉన్నాయి, 2007 నుంచి 2014 దాకా ఎనిమిదేళ్ళ లెక్కలు. ఆ మీట నొక్కి ఉంటే ఒక్క నిమిషంలో అన్నీ పోయేవి. నాకు చేతులు వణికాయి. ముందు వాటిని పెన్‌డ్రైవులోకి ఎత్తి, మేనల్లుడికి ఒక ప్రతి పంపించి, అవి తెరుచుకుంటున్నాయని వాడు చెప్పాకే ఆ రాత్రి అన్నం తిన్నాను.

మర్నాడు మళ్ళీ మొదటికి. నా ఫోనుని తీగతో కంప్యూటరుకి తగిలించి, ఫోనులో యు.ఎస్.బి. టెథరింగ్ అనేది నొక్కితే, ఫోను ఇంటర్నెట్టే కంప్యూటరుకీ వచ్చింది. అంతా బాగానే ఉంది గాని అక్కడ నేనొక పొరపాటు చేశాను. మీకే రకం ముంగిలి కావాలి అని ఒక పట్టిక వచ్చింది. గ్నోమ్ అన్నదాని పక్కన ముందే చుక్క పెట్టి ఉంది. వాళ్ళే పెట్టారు కదా, మంచిదే అయి ఉంటుందని ఎంటర్ నొక్కేశాను. అది గొప్పింటి ముంగిలట. రోజుకిచ్చే ఒకటిన్నర జి.బి. డేటా అంతా మింగేసి, అర్ధరాత్రి దాటి కొత్త రోజు డేటా వచ్చాక మిగతాది తెచ్చుకుని, తెల్లవారేసరికి ముగించింది. తీరా చూస్తే బూడిదరంగు తెర. బాణం గుర్తు కదిపితే నిమిషానికి కదులుతోంది. పెట్టె మీద ఎర్రదీపం మాత్రం ఆగకుండా టపటప కొట్టుకుంటోంది.

దాని సంగతి మావాడు వంటింటి భాషలో చెప్పాడు. మెమరీ అంటే వంటగట్టు. హార్డ్ డిస్కు అంటే అటక. గట్టు మీద చోటు చాలనప్పుడు కొన్ని డబ్బాలు అటకెక్కిస్తాం. దానికోసం డిస్కులో కొంత చోటు వేరుగా ఉంచుతారు, దాన్ని స్వాప్ అంటారు. అప్పుడప్పుడూ అయితే ఫరవాలేదు. ఉప్పుకొకసారి, పప్పుకొకసారి, పోపుకొకసారి నిచ్చెన ఎక్కి దిగుతుంటే వంటెప్పుడవుతుంది? ఆ ఎర్రదీపం నిచ్చెన ఎక్కి దిగుతున్న చప్పుడన్నమాట. చిన్న గట్టు మీద పెళ్ళివంట పెట్టుకోవడం నా తప్పు.

మూడోసారి మొదలుపెట్టాం. మావారు పొలం వెళుతూ గుమ్మంలో ఆగి, "ఇంకా కాలేదా? సచ్చిన గొడ్డుకి గడ్డేస్తున్నారు" అన్నారు. నేను పలకలేదు. ఈసారి ఆ పట్టిక దగ్గర స్పేస్ మీటతో గ్నోమ్ చుక్క తీసేసి, ఎల్.ఎక్స్.డి.ఇ. అన్న తేలికపాటిదాని పక్కన పెట్టాను. స్పేస్ నొక్కితే చుక్క పడుతుంది, పోతుంది. ఎంటర్ నొక్కితే ముందుకి వెళ్ళిపోతుంది. ఈ తేడా తెలియకే ఒక రోజు డేటా పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోకండి.

మధ్యాహ్నం మూడింటికి నీలం రంగు తెర వచ్చింది. కింద మూల ఒక మీట, మామూలు కంప్యూటరులాగే. బాణం చెప్పిన చోటికి వెళ్ళింది. ఎర్రదీపం ఒకసారి మెరిసి ఊరుకుంది. మా అమ్మాయి వాళ్ళ మేడమ్ ఇచ్చిన పైథాన్ ప్రోగ్రాము ఒకటి కొట్టి నడిపింది. తెర మీద ఒకటి నుంచి పది దాకా ఎక్కం వచ్చింది. ఒకటో తరగతిలో పలక మీద రాసి చూపించినప్పుడు ఎలా నా వైపు చూసిందో అలాగే చూసింది.

తెలుగు పేజీ తెరిస్తే మాత్రం అక్షరాల బదులు గడులు వచ్చాయి. ఇంగ్లీషులో ఎక్కించాం కదా, తెలుగు అక్షరాలు తెచ్చుకోలేదు. "ఫాంట్స్ తెలు" అనే మూట దించుకుంటే అందులో పోతన, వేమన అనే రెండు అక్షరాల తీరులు కూడా వచ్చాయి. పోతనా వేమనా వచ్చి కూర్చున్నాక మా పాత పెట్టెకి తెలుగొచ్చింది. లినక్సును తెలుగులోకి తెచ్చే పని హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు, ఇంకా ఎందరో, జీతం ఆశించకుండా చేశారని తర్వాత తెలిసింది. ఎవరో మొహం తెలియనివాళ్ళు కూర్చుని "దస్త్రం", "సవరణ" అంటూ ఒక్కో మాటా మనకోసం వెతికి పెట్టారంటే నాకు భలే ముచ్చటేసింది.

అంతా బంగారమని చెప్పను. ఇంటర్నెట్టులో ఒకటి, మహా అయితే రెండు పేజీలు తెరవగలం. మూడోది తెరిస్తే మళ్ళీ నిచ్చెన ఎక్కుడే. సినిమాలూ వీడియోలూ ఆడవు. మేము ఎక్కించింది 2025 జూలైలో. ఆగస్టులోనే డెబియన్ 13 వచ్చింది, మా పాతకాలపు 32 బిట్ల మిషన్లకి ఎక్కించుకునే వీలు అందులో తీసేశారు. అంటే మా పెట్టె 12 దగ్గరే ఆగిపోతుంది. అయినా ప్రోగ్రాములు కొట్టుకోవడానికీ, వ్యాసాలు రాసుకోవడానికీ, లెక్కలు చూసుకోవడానికీ ఇప్పటికి లోటు లేదు. అయిన ఖర్చు బ్యాటరీ 40, మెమరీ 300, రెండు డి.వి.డి.లకి 60, మొత్తం 400 రూపాయలు, ఆటో చార్జీలు కాక.

ఇక మావయ్యగారి లెక్కల సంగతి. ఒక ఆదివారం అందరం కూర్చుని ఆ "సాగు" తెరిచాం. లిబ్రె ఆఫీసు అనే దానిలో పాత ఎక్సెల్ లెక్కలు చక్కగా తెరుచుకుంటాయి, కాస్త ఆలస్యమవుతుందంతే. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు. విత్తనాలు, దుక్కి, మందు, కలుపు, కోత. మావారు కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక్కో ఏడూ చదువుతున్నారు. 2010 మిరప లెక్కలో కూలీల వరుసలో ఒకచోట ఆగారు. "కోడలు, తాలు ఏరుడు, 22 రోజులు" అని ఉంది. దాని ఎదురుగా మిగతా కూలీల రేటే వేసి, మొత్తం కట్టి ఉంది. చివర ఇంకో మాట, "ఇవ్వలేదు" అని.

ఆ ఏడే కాదు, ఎనిమిదేళ్ళూ ఉంది. పత్తి తీత ఇన్ని రోజులు, కాయ ఆరబోత ఇన్ని రోజులు. నేను చేసిన పని పని కాదని, ఇంటి పనిలో కలిసిపోయిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆయన ఒక్కరోజు కూడా నాతో ఒక్క మాట అనలేదు. లెక్కల మాస్టారు కదా, లెక్కలో మాత్రం తప్పు రాయలేకపోయారు. నేను కళ్ళు తుడుచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాను. మావారు కాసేపటికి వచ్చి, "ఆ పెట్టె కాటాకెయ్యమాకు" అన్నారు. అంతకన్నా ఎక్కువ మాట్లాడే మనిషి కాదాయన.

ఇప్పుడు ఈ ఏటి లెక్కలు అందులో నేనే ఎక్కిస్తున్నాను. కూలీల వరుసలో నా పేరు, మా అమ్మాయి చేసిన రోజులు, మావారి రోజులు కూడా వేస్తున్నాను. లాభం ఎంతో, నష్టం ఎంతో అప్పుడుగాని నిజంగా తేలదు.

ఇదంతా మీకెందుకు రాశానంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి కూడా మామూలు బాగోగులు చూడటం ఆపేశారు. మీ ఇళ్ళల్లోనూ, బంధువుల ఇళ్ళల్లోనూ "పాతదైపోయింది" అంటూ ఎన్నో మంచి మిషన్లు అటకెక్కుతాయి, కాటాకెళతాయి. అవి మా దానికన్నా ఎన్నో రెట్లు నయం. పారేసే ముందు ఒక్కసారి ఆగండి. అందులో ఏమేం ఉన్నాయో డి డ్రైవుతో సహా చూసి ఎత్తిపెట్టుకోండి. దుమ్ము దులపండి. 32 బిట్లదో 64 బిట్లదో, మెమరీ ఎంతో కనుక్కోండి. చిన్న గట్టుకి తగిన వంటే పెట్టుకోండి. తెలిసిన పిల్లలెవరైనా ఉంటే అడగడానికి సిగ్గుపడకండి.

అన్నిటికన్నా ముఖ్యం, తెర మీద ఏదో వచ్చిందని ఆపేయకండి. ఏమొచ్చిందో చదవండి. ఇంగ్లీషయితే నిఘంటువు పక్కన పెట్టుకుని చదవండి. మనకి రాదనుకున్నది సగం మనం చదవకుండా వదిలేసినదే.

ఉంటాను మరి. మా అమ్మాయి కంప్యూటరు దగ్గర్నుంచి లేచింది, నా వంతు వచ్చింది.